మల్లమ్మ ఆలస్యంగా రాలేదు

నిజాం సర్కారు లెక్కలో 1352 ఫసలీ, అంటే ఇంగ్లీషు లెక్కలో 1943. హైదరాబాదులో ఒక సర్కారీ దవాఖానలో, ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో నేను నర్సుగా ఉండేదాన్ని. ఆపరేషను కోసం వచ్చినవాళ్ళనూ, ఆపరేషను అయినవాళ్ళనూ ఉంచే వార్డు అది. పురానాపూల్ దగ్గర ఒక గది అద్దెకు తీసుకొని, పొద్దున్నే మూసీ గట్టు వెంట నడిచి డ్యూటీకి వెళ్ళేదాన్ని. భర్త పోయాక, మా అన్న వద్దంటున్నా వినకుండా నర్సింగులో చేరిన మనిషిని. ఆ వార్డే నాకు ఇల్లూ వాకిలీ.

మా దవాఖానలో పెద్ద డాక్టర్లు తమలో తాము ఇంగ్లీషు మాట్లాడుకునేవారు. రోగులతో ఉర్దూ. రోగుల్లో చాలామందికి, ముఖ్యంగా లాల్‌దర్వాజా, అలియాబాదు వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళకు, ఇంటి మాట తెలుగు. చార్మినార్ దగ్గర గాజులు బేరమాడేటంత ఉర్దూ అందరికీ వచ్చు. ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో, ఎప్పటినుంచి అవుతోందో చెప్పడానికి ఆ ఉర్దూ చాలదు. అందుకని రౌండ్‌లో, అంటే డాక్టర్లు మంచం మంచానికీ వచ్చి చూసే వేళలో, నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. నేను ఆ మాట ఇటు, ఈ మాట అటు చేరవేసేదాన్ని. జీతం నర్సుకు, పని నర్సుదీ దుబాసీదీ అని తోటి నర్సులు నవ్వేవారు.

యుద్ధం నడుస్తున్న కాలం. మా డాక్టర్లలో కొందరు ఫౌజులోకి వెళ్ళిపోయారు. మందులకు కరువు, కట్లు కట్టే పల్చని గాజు గుడ్డకు కరువు. కట్టు విప్పిన గుడ్డను పారేయకుండా ఉడకబెట్టి, ఆరబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. వార్డు వెనక తాళ్ళ మీద ఎప్పుడూ ఆ పేలికలు వేలాడుతుండేవి.

మల్లమ్మ ఆ చలికాలం చివర్లో వచ్చింది. లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం చేసే ఇల్లు వాళ్ళది. నలభై ఏళ్ళకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. ఒకప్పుడు బలమైన మనిషి అయి ఉండాలి. భుజాల ఎముకలు వెడల్పు, వాటి మీద కండ మాత్రం మిగల్లేదు. ఆమెను జట్కాలో పడుకోబెట్టి తెచ్చారు. ఇటువైపు భర్త యాదయ్య, అటువైపు తోటికోడలు బాలమ్మ పట్టుకొని లోపలికి నడిపించారు. వాళ్ళు తలుపు దాటకముందే వాసన లోపలికి వచ్చింది. వార్డులో పని చేసిన వాళ్ళకు ఆ వాసన తెలుసు. దగ్గరి మంచాల మీది ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు.

ఎడమ రొమ్ము మీద కప్పిన గుడ్డ తీశాం. గడ్డ చర్మాన్ని చీల్చుకొని బయటికి పెరిగింది. దీన్ని ఫంగేటింగ్ అంటారు. పుట్టగొడుగు నేలను పగలదీసుకొని పైకొచ్చినట్టు వస్తుంది కాబట్టి ఆ పేరు. పైన ఎవరో హకీము వేసిన ఆకుపసరు పట్టు ఎండి అతుక్కుపోయి ఉంది. చంకలో గడ్డలు రాళ్ళలా తగిలాయి. మా చిన్న డాక్టరు సకీనా సాహెబా చూసి మళ్ళీ గుడ్డ కప్పింది. పెద్ద సర్జన్‌ను పిలిపించింది.

ఆయన చెడ్డవాడు కాదు. చేయి తేలిక, పని మీద శ్రద్ధ. కానీ ఆ రోజుల్లో ముగ్గురి పని ఆయన ఒక్కడే చేస్తున్నాడు. గడ్డ చుట్టూ నొక్కి చూసి, లేచి చేతులు కడుక్కుంటూ, యాదయ్య వైపు తిరిగి గట్టిగా ఉర్దూలో అన్నాడు. ఇంతకాలం ఏం చేస్తున్నావు, ఇల్లంతా కాలాక నీళ్ళకోసం వచ్చావా అని. తరువాత మా వైపు తిరిగి ఇంగ్లీషులో “లేట్ కేసు” అన్నాడు. చేయి దాటిన రోగి అని దాని అర్థం. కత్తి పెట్టడానికి వీలు లేదని, కట్లు కట్టి నొప్పి తగ్గించడమే పని అని అందులోనే ఉంటుంది.

యాదయ్యకు ఉర్దూ బాగా వచ్చు. దేవిడీలకు, అంటే పెద్దవాళ్ళ బంగళాలకు, పాలు పోసే మనిషి. సర్జన్ వెళ్ళేదాకా తలవంచుకొని నిలబడి, ఆ తరువాత మంచం కాళ్ళ దగ్గరికి వచ్చి భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. ఏడుస్తూ తిట్టాడు. ఇంత రోగం ఒంట్లో పెట్టుకొని తనకు చెప్పకుండా దాచిందని, పిల్లల ముఖమైనా చూడలేదని అన్నాడు. మల్లమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. బాలమ్మ నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. మల్లమ్మ ఆమె చేయి పట్టి ఆపింది.

మరునాటినుంచి ఆమె కట్లు నా వంతుకు వచ్చాయి. డ్రెస్సింగు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. అడ్డంగా తెర పెట్టి, పాత కట్టును నీళ్ళతో నానబెట్టి, మెల్లగా ఊడదీసి, మందునీళ్ళతో కడిగి, కొత్తది కట్టాలి. తొందరపడితే నెత్తురు కారుతుంది. అందుకని ఆ పనికి చాలాసేపు పట్టేది. ఆ సమయమంతా మల్లమ్మ మాట్లాడేది. నొప్పి మరిచిపోవడానికి మాట్లాడుతోందని మొదట అనుకున్నాను. కొన్నాళ్ళకు తెలిసింది, ఆమె నాకు ఒక విషయం ఒప్పజెబుతోంది. నేను దాన్ని ఎక్కడో పెద్దల దగ్గర చెబుతానని ఆమె ఆశ.

కిందటి కిందటి ఏడు బోనాలకు కొంచెం ముందు, స్నానం చేస్తుంటే రేగ్గాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. ఆ వారంలోనే తమ బస్తీ దవాఖానకు పోయింది. అక్కడ ఉన్నది మగ డాక్టరు. బల్ల అవతల కూర్చొని ఎక్కడ అని అడిగాడు. ఆమె చెంగు మీదుగా చూపించింది. ఆయన చూస్తానని అనలేదు, ఆమె చూపిస్తానని అనలేదు. కంపౌండరు ఒక నల్లని పూతమందు ఇచ్చి పంపాడు. అది పూసింది. గడ్డ తగ్గలేదు.

ఆడ డాక్టర్లుండే దవాఖానకు పొమ్మని ఎవరో చెప్పారు. అక్కడ పొద్దున కొద్దిసేపు చీటీలు ఇచ్చి కిటికీ మూసేస్తారు. మల్లమ్మ బర్రెలు పిండి, పాలు ఇళ్ళకు పోసి, వంట చేసి నడిచి వెళ్ళేసరికి కిటికీ మూసి ఉండేది. అట్లా రెండుసార్లు తిరిగి వచ్చింది. తరువాతిసారి పాలు పోసే పని బాలమ్మకు అప్పగించి తెల్లారేటప్పటికే పోయి కూర్చుంది. లోపల డాక్టరమ్మ ఉర్దూలో అడిగింది. మల్లమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. చెప్పడానికి సిగ్గు. చుట్టూ ఆడవాళ్ళే అయినా అందరి ముందూ రొమ్ము మాట ఎట్లా అనాలి? ఆయా ఒకతె గట్టిగా, నొప్పి ఉందా లేదా చెప్పు అంది.

ఆ తరువాతి మాటను మల్లమ్మ నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఒకే తీరుగా.

“నొప్పి లేదన్న. ఉన్నదున్నట్టు చెప్పిన. నొప్పి లేకుంటే ఫికర్ లేదు, నొప్పి లేసినప్పుడు రా అన్నది ఆ ఆయా. నేను నొప్పి లేసినప్పుడు పోయిన, నర్సమ్మా. ఆమె చెప్పినట్టే చేసిన.”

నా చేతులు కట్టు మీద ఆగిపోయాయి. మాకు చదువులో మొదట నేర్పినదే అది. రొమ్ములో నొప్పి పెట్టే గడ్డ చాలావరకు పాలగడ్డో, చీముగడ్డో అయి ఉంటుంది. నొప్పి లేని గడ్డకే భయపడాలి. అప్పుడు కోసి తీసేస్తే మనిషి బతికే అవకాశం ఉంటుంది. నొప్పి వచ్చేసరికి అది వేళ్ళు పాకించుకొని ఉంటుంది. ఈ సంగతి ఆ ఆయాకు తెలియదు. డాక్టరమ్మకు తెలుసు. కానీ ఆమెదాకా గడ్డ అనే మాట చేరిందో లేదో, నొప్పి లేదన్న మాట మాత్రమే చేరిందో ఎవరు చెప్పగలరు?

నొప్పి మొదలయ్యాక మల్లమ్మ మళ్ళీ పోయింది, అప్పటినుంచి ప్రతిసారీ బాలమ్మ తోడు వెళ్ళింది. ఈసారి మరో డాక్టరమ్మ ఉంది. చేయి పెట్టకుండానే చీర మీదనుంచి చూసి, ఆపరేషను కావాలి, పెద్ద దవాఖానకు పొమ్మంది. పెద్ద దవాఖాన అంటే మాదే. ఇక్కడికి వస్తే ఆడవాళ్ళ మంచాలు నిండి ఉన్నాయన్నారు. కొన్నాళ్ళాగి రమ్మన్నారు. వచ్చింది. ఆ రోజు పండగ, దవాఖానకు సెలవు. మళ్ళీ వచ్చింది. సర్జన్ ఊళ్ళో లేడు. ఇవన్నీ ఆమె చెబుతుంటే, ఆమెను అక్కడ చూసినట్టు నాకు గుర్తుకు రాలేదు. వరండాలో అట్లాంటి ఆడవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళను దాటుకుంటూ నేను రోజూ లోపలికి వస్తాను. వాళ్ళలో ఒకతె మల్లమ్మ అయి ఉంటుంది.

గడ్డ పగిలాక బాలమ్మ హకీము దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పట్టు వేశాడు. “తప్పు ఆయనది గాదు. ఆయన దగ్గర కూసుండనిచ్చిండు, మంచిగ మాట్లాడిండు” అంది మల్లమ్మ.

ఒకరోజు ఆమె బర్రె సంగతి చెప్పింది. అదే ఏడు వాళ్ళ ఇంట్లో బాగా పాలిచ్చే బర్రెకు పొదుగు వాచింది. యాదయ్య వెళ్ళి సర్కారు బర్ల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన ప్యాంటు మడిచి పేడలో కూర్చొని, పొదుగంతా చేత్తో తడిమి చూసి, కింద ఎక్కడ గట్టిగా ఉందో వేలుపెట్టి చూపించి మందు చెప్పాడట. నాలుగు రోజులకు నయమైంది.

“మా బర్రెకైతే చెయ్యి వెట్టి చూసిండు. నాకు ఇన్ని దవాఖానలల్ల ఎవ్వరు చెయ్యి వెట్టలే. మొదలు చెయ్యి వెట్టింది మీ పెద్ద సాబే. అప్పటికి పుండైంది.”

ఆమె గొంతులో కోపం లేదు. పాలలో నీళ్ళెన్ని కలిశాయో వేలు ముంచి చెప్పే మనిషి ఎట్లా చెబుతుందో అట్లాగే చెప్పింది. మా దవాఖానలో ఆమెకు నచ్చినవీ ఉన్నాయి. తెల్లటి దుప్పటి నచ్చింది. నొప్పి మందు నచ్చింది. సకీనా సాహెబా వచ్చినప్పుడల్లా మంచం అంచు మీద కూర్చోవడం నచ్చింది. లోపలికి రానిచ్చినంక మంచిగనే చూస్తరు, రానిచ్చేదే కష్టం అనేది.

వేసవి మొదట్లో, ఆడవాళ్ళ సంఘం ఒకటి మా వార్డు చూడటానికి వస్తుందని కబురొచ్చింది. పెద్ద దేవిడీకి చెందిన ఒక బేగం సాహెబా దానికి ముఖ్యురాలు. గోడలకు సున్నం కొట్టారు. ఎక్కడివో కొత్త దుప్పట్లు వచ్చాయి. వెనక తాళ్ళ మీది పేలికలు తీసేశారు. ఎవరైనా అడిగితే బాగుందని చెప్పమని ఆయాలు రోగులందరికీ నేర్పారు. మల్లమ్మ మంచాన్ని వరండా మూలకు జరపాలని కూడా అనుకున్నారు కానీ, జరిపితే నెత్తురు కారుతుందని సకీనా సాహెబా ఒప్పుకోలేదు.

బేగం సాహెబా మంచి మనిషి. ఈ మాట కావాలనే రాస్తున్నాను. అందరి దగ్గరా ఆగింది, అందరినీ పేరడిగింది. మల్లమ్మ దగ్గరికి వచ్చేటప్పటికి చేతిలోని అత్తరు రుమాలు ముక్కుకు పెట్టుకోబోయి, మానుకొని, కిందికి దించింది. ఇక్కడ నిన్ను ఎట్లా చూస్తున్నారమ్మా అని ఉర్దూలో అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

మల్లమ్మ ఆమెను కాసేపు చూసి నన్ను అడిగింది. “నిజంగ అడుగుతున్నదా, ఉత్తగ అడుగుతున్నదా?”

నిజంగానే అడుగుతోంది, నీకు తోచింది చెప్పు అన్నాను.

ఆమె చెప్పింది. నాకు తెర వెనక చెప్పినదంతా, బస్తీ దవాఖాన నుంచి మా వరండాదాకా, వరసగా చెప్పింది. మధ్యమధ్య ఆయాసం వస్తే ఆగింది. నేను ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. పక్కన సర్జన్, పెద్ద నర్సు, సకీనా సాహెబా నిలబడి ఉన్నారు. బర్రె సంగతి చెప్పినప్పుడు వెనక ఎవరో నవ్వాపుకున్నారు. బేగం సాహెబా నవ్వలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక ఏదో జరుగుతుందని ఆ క్షణాన నేను నమ్మాను.

ఆమె సర్జన్ వైపు తిరిగి, ఇందులో నిజమెంత అని అడిగింది. ఆయన మర్యాదగా సమాధానం చెప్పాడు. ఈ ఆడవాళ్ళు సిగ్గుతో, అజ్ఞానంతో దాచుకుంటారని, మంత్రాలూ పసర్లూ అయ్యాక చివరికి ఇక్కడికి వస్తారని, వార్డులో సగం లేట్ కేసులేనని. అబద్ధం చెబుతున్నట్టు ఆయన ముఖంలో లేదు. ఆయనకు కనిపించేది చివరి రోజు మాత్రమే. బేగం సాహెబా తల ఊపింది. పాపం, చదువు లేదు కదా అంది. ఆ తరువాత నాతో, మీ ఆడవాళ్ళకు మీ భాషలో నచ్చజెప్పు, తొందరగా రమ్మని చెప్పు అంది.

నేను ఆ మాట మల్లమ్మకు తెలుగులో చెప్పాను.

“ఎక్కడికి?” అంది మల్లమ్మ.

అదీ ఉర్దూలో చెప్పాను. అప్పటికి బేగం సాహెబా పక్క మంచానికి కదిలింది. వెళ్ళేముందు, వార్డులోని ఆడవాళ్ళందరికీ రోజూ గ్లాసెడు పాలు తన తరఫున ఇప్పించమని చెప్పింది. మరునాటినుంచి పాలు వచ్చాయి. మల్లమ్మ ఒక గుక్క తాగి, సగం నీళ్ళే అని గ్లాసు పక్కన పెట్టింది. నాపై పెద్ద నర్సుకు కోపం వచ్చింది. దుబాసీ మధ్యలో కొంచెం తెలివి కలపాలని, అన్నదంతా అనకూడదని మందలించింది. ఆ వేసవంతా నాకు సెలవు దొరకలేదు. అంతకుమించి ఏమీ కాలేదు. మంచికీ కాలేదు, చెడుకూ కాలేదు.

ఆ తరువాత మల్లమ్మ మాటలు తగ్గించింది. కట్టు కట్టేటప్పుడు కళ్ళు మూసుకునేది. ఒక మధ్యాహ్నం సకీనా సాహెబా మంచం అంచున కూర్చొని నాడి చూస్తుండగా, కళ్ళు తెరిచి నన్ను అడిగింది. “మొదలు వచ్చిననాడు కోసి తీసి ఉంటే బతికేదాన్నా? డాక్టరమ్మను అడుగు. నువ్వు చెప్పకు, ఆమెనే చెప్పనీ.”

అడగకుండా ఉండాలనిపించింది. అడిగాను. సకీనా సాహెబా చేతిలో నాడి అట్లాగే పట్టుకొని ఉంది. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, చివరికి మల్లమ్మనే చూస్తూ నెమ్మదిగా అంది. “శాయద్.”

బతికి ఉండవచ్చు అని. ఆ మాట నేను తెలుగు చేయనక్కరలేకపోయింది. మల్లమ్మకు అంత ఉర్దూ వచ్చు.

సకీనా సాహెబా వెళ్ళాక ఆమె నాతో అంది. “మా ఆయనకు చెప్పు. నేను దాచిపెట్టుకొని కూసోలేదని, దవాఖానలు తిరిగిన్నని చెప్పు. నేను చెప్తే నమ్మడు, రోగమోళ్ళ మాట అనుకుంటడు. నువ్వు దవాఖానదానివి. నీ మాట నమ్ముతడు.”

సాయంత్రం యాదయ్య వచ్చినప్పుడు వరండాలోకి పిలిచి చెప్పాను. ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఎవరెవరు ఏమని పంపేశారో అంతా చెప్పాను. అతడు స్తంభానికి ఆనుకొని విన్నాడు. ఆశ్చర్యపడలేదు. బాలమ్మ ఎప్పుడో చెప్పిందట.

“ఎరికే నర్సమ్మా. దాచిపెట్టింది అనుకుంటే జెర నయముండె. దాన్ని తిట్టుకొని ఏడ్సెటోన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె? మీ పెద్ద సాబునా? ఆయన దేవిడీకి రేపు పొద్దుగాల నేనే పాలు పోయాలె.”

అతడు లోపలికి వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాడు. భార్యకు ఏం చెప్పాడో నేను వినలేదు. నేను పోయి చూసేసరికి ఆమె చేయి అతడి తల మీద ఉంది. ఆ వార్డులో ఆ రోజుల్లో నేను చూసిన మంచి సంగతి అదొక్కటే.

కొద్ది రోజులకు మంచం ఖాళీ చేయమన్నారు. చేయగలిగింది లేనివాళ్ళను ఇంటికి పంపి, ఆపరేషనుతో బాగయ్యేవాళ్ళకు ఆ మంచం ఇవ్వాలి. ఆ నియమంలో న్యాయం లేదని నేను అనలేను. వరండాలో అప్పటికే చంటిపిల్ల తల్లి ఒకతె మంచం కోసం కాచుకొని ఉంది. మద్రాసులో ఎక్స్-రేతో గడ్డను కాల్చే వైద్యం ఉందని సకీనా సాహెబా యాదయ్యకు చెప్పింది కానీ, చెబుతున్నప్పుడే ఆ మాట మీద ఆమెకు నమ్మకం లేదని తెలిసిపోయింది. మల్లమ్మ జట్కాలో కూర్చోలేని స్థితిలో ఉంది. మద్రాసు ఎక్కడ?

బాలమ్మకు కట్టు కట్టడం నేర్పాను. ఆమె చేయి చాలా నెమ్మది, రెండు రోజుల్లో నేర్చుకుంది. వీలైనప్పుడల్లా డ్యూటీ దిగాక నేను లాల్‌దర్వాజాకు వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఇరుకు గల్లీ, ముందు కొట్టం, వెనక రెండు గదులు. మల్లమ్మను కొట్టం పక్క అరుగు మీద పడుకోబెట్టేవారు. పేడ వాసనలో తన వాసన కలిసిపోతుందని ఆమే అక్కడ వేయించుకుంది. బర్రెలు మేత నములుతుంటే వింటూ పడుకునేది. నేను వెళితే, ఇంకా వరండాల ఆడోళ్ళు కూసుంటున్నరా అని అడిగేది. కూర్చుంటున్నారని చెప్పేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పోయింది. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. మరునాడు బాలమ్మ వచ్చి మిగిలిన గాజు గుడ్డను ఉతికి, మడతపెట్టి తిరిగి ఇచ్చి, ఇంకెవలికైనా పనికొస్తదని చెప్పి వెళ్ళింది.

ఆ తరువాత నా పని తీరులో ఒక మార్పు వచ్చింది. కొత్త రోగి ఎవరు వచ్చినా, ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడికి వెళ్ళావని అడగడం అలవాటు చేసుకున్నాను. దాదాపు అందరూ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి వచ్చినవాళ్ళే. డ్యూటీకి వచ్చేటప్పుడు వరండాలో ఆగి, తెలుగు ఆడవాళ్ళను మీకేమయిందని అడిగేదాన్ని. గడ్డ అన్నవాళ్ళను సకీనా సాహెబా దగ్గరికి చాటుగా తీసుకెళ్ళేదాన్ని. ఆమె చెయ్యి పెట్టి చూసేది. అట్లా ఇద్దరు ముగ్గురు బతికారు. తరువాత ఆమెకు జిల్లాకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారికి అంత తీరిక లేదు. మల్లమ్మ కేసు నేర్పిన పాఠం ఇదే అని నేను చాలా రోజులు అనుకున్నాను. ఇది రాయమని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఇక్కడితో ఆపేసేదాన్ని.

యుద్ధం అయిపోయిన తరువాతి ఏడు, చార్మినార్ దగ్గర బజారులో యాదయ్య కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పిల్లలెట్లా ఉన్నారని అడిగాను. బాగున్నారన్నాడు. బాలమ్మ ఎట్లా ఉందని అడిగాను. పోయింది అన్నాడు.

ఆఖరి కాన్పు తరువాత ఆమెకు నెత్తురు పోవడం ఆగలేదట. నెలల తరబడి పోయింది. పాలిపోయి, గోడ పట్టుకొని నడిచేది. దవాఖానకు పోదామని ఆమె భర్త అన్నాడు, యాదయ్య అన్నాడు. పోనంది. అది ఆపగలిగే జబ్బని, చాలావరకు బాగయ్యే జబ్బని నాకు నిలబడ్డచోటే తెలిసింది. పురానాపూల్ నుంచి లాల్‌దర్వాజా ఎంత దూరం? నా గది వాళ్ళకు తెలుసు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తనన్న. వద్దన్నది” అన్నాడు యాదయ్య. “అక్కతోటి అన్ని దవాఖానలు తిరిగిన, అన్ని చూసిన, ఇగ నేను తిరగ అన్నది. పానం పోతే ఇంట్లనే పోనియ్యిర్రి అన్నది.”

అతడి భుజం మీద కావడి ఉంది. ఎవరో వెనకనుంచి దారి ఇమ్మని అరిస్తే పక్కకు జరిగి, జనంలో కలిసి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఉద్యోగం చేశాను. తెలివైన సర్జన్లను చూశాను, కొత్త మందులు రావడం చూశాను, ఆడవాళ్ళకు మంచాలు పెరగడమూ చూశాను. అయినా ఈ వృత్తి గురించి నాకు బాగా తెలిసిన ఒక్క సంగతి బాలమ్మ చావు నుంచి తెలిసిందే. మనం గుమ్మంలోంచి ఒక ఆడమనిషిని తిప్పి పంపితే, ఆమె వెంట వచ్చినవాళ్ళు కూడా తిరిగి వెళ్ళిపోతారు. వాళ్ళ జబ్బులు మన దాకా రావు. మన లెక్కలో వాళ్ళు లేట్ కేసులు కూడా కారు.